రంగంలో ఆరేళ్ళ సున్నా

మన కోస్తా జిల్లాల్లో పాతతరం వాళ్ళకి రంగూన్ అంటే తెలియకపోవచ్చు గానీ "రంగం" అంటే తెలుస్తుంది. "మా తాత రంగం పోయాడు", "రంగం డబ్బుతో కట్టిన ఇల్లు" లాంటి మాటలు శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఏ ఊళ్ళో అయినా వినిపించేవి. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో మనవాళ్ళని కోరంగీలు అనేవారు. ఇప్పుడు ఆ ఊరు యాంగోన్. రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, పడవలు నడిపింది చాలావరకు మనవాళ్ళే. ఆ చరిత్ర గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అసలు రంగం వెళ్ళాలనే కోరిక లేకుండా, మద్రాసులో దొరికిన ఓడ ఎక్కేసి అక్కడ దిగిన ఒక అమెరికన్ గురించి. పేరు అడోనిరామ్ జడ్సన్. ఇతని కథని చర్చిల్లో విజయగాథగా చెబుతారు. బైబిలుని బర్మా భాషలోకి తెచ్చినవాడు, నిఘంటువు రాసినవాడు, బర్మాలో క్రైస్తవానికి పునాది వేసినవాడు అని. అవన్నీ నిజమే. కానీ నన్ను పట్టుకున్నది ఆ విజయం కాదండీ. దానికి ముందున్న సున్నా, మధ్యలో వచ్చిన చీకటి.

ఎందుకో చెప్తాను. పరాయి దేశంలో ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గర పడుతున్న స్నేహితులతో ఫోన్లో మాట్లాడాల్సి వస్తుంటుంది. "ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అంటాం. అంటున్న మనకే నమ్మకం ఉండదు. భక్తి ఉన్నవాళ్ళయితే "దేవుడి మీద భారం వెయ్యి" అంటారు. వేసాక కూడా భారం అలాగే ఉంటే? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన మనిషి జడ్సన్.

అతను 1788లో మసాచుసెట్స్‌లో ఒక పాస్టరు ఇంట్లో పుట్టాడు. 1812 ఫిబ్రవరిలో యాన్ హాసెల్టైన్‌ని పెళ్ళి చేసుకుని, రెండు వారాలకే భార్యతో కలిసి ఓడెక్కి కలకత్తా వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి మిషనరీలంటే గిట్టని రోజులవి. దేశం వదిలి పొమ్మన్నారు. మారిషస్ వెళ్ళారు, అక్కణ్ణుంచి మద్రాసు వచ్చారు. మద్రాసులో ఎక్కువ రోజులుంటే పట్టుకుని ఇంగ్లండు పంపించేస్తారన్న భయం. వెంటనే బయల్దేరుతున్న ఓడ ఒక్కటే దొరికింది, అది రంగూన్ పోయేది. యాన్ అప్పుడు నిండు గర్భిణి. దారిలోనే బిడ్డ చనిపోయి పుట్టింది. 1813 జూలై 13న రంగూన్‌లో దిగారు.

దిగాక ఏం చేసారు? మూడేళ్ళు భాష నేర్చుకున్నారు! వ్యాకరణం పుస్తకం లేదు, సరైన నిఘంటువు లేదు. ఇంగ్లీషు ముక్క రాని పంతులు ఒకాయన. వస్తువు చూపించడం, పేరు చెప్పించుకోవడం, రాసుకోవడం. పదాల మధ్య ఖాళీ లేకుండా గుండ్రటి అక్షరాలు వరసగా పోయే లిపి అది. (మన లిపి చూసి బెదిరిపోయే విదేశీయులు గుర్తొస్తారు.) 1815లో రంగూన్‌లో కొడుకు పుట్టాడు, ఎనిమిది నెలలకే పోయాడు. అమెరికా నుంచి ఉత్తరం రావాలంటే ఏడాది పైన పట్టేది. ఇక వచ్చిన పని సంగతి... క్రైస్తవులైన బర్మా వాళ్ళ సంఖ్య సున్నా. మొదటి ఏడు సున్నా, రెండో ఏడు సున్నా, మూడో ఏడూ సున్నా.

మా వృత్తిలో మూడు నెలలకోసారి లెక్క అడుగుతారు. రెండు త్రైమాసికాలు వరసగా ఎర్ర రంగు కనిపిస్తే ప్రాజెక్టు మూసేస్తారు. 1816లో జడ్సన్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ ఫలితం వస్తుందన్న ఆశ ఎంత ఉందని ఎవరైనా అడిగితే, సర్వశక్తుడూ మాట తప్పనివాడూ అయిన దేవుడున్నాడన్న ఆశ ఎంతో అంత, అంతకు మించి లేదని చెప్పమన్నాడు. ఈ ఉత్తరాన్ని గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు కథ మన ఒడ్డుకి వస్తుంది. ఒంటరిగా ప్రకటిస్తే ఎవరూ వినడం లేదు, బర్మా భాష తెలిసిన అరకాన్ క్రైస్తవుణ్ణి ఎవరినైనా తోడు తెచ్చుకుందామని 1817 డిసెంబరు చివర్లో జడ్సన్ చిట్టగాంగ్‌కి ఓడెక్కాడు. మూడు నెలల్లో వచ్చేస్తానన్నాడు. గాలి ఎదురు తిరిగింది. చిట్టగాంగ్ వెళ్ళలేక ఓడని మద్రాసు వైపు తిప్పారు, అక్కడికీ చేరనివ్వలేదు. తిండి, నీళ్ళు అయిపోవచ్చాయి, జ్వరం పట్టుకుంది. చివరికి 1818 మార్చిలో ఎక్కడ తేలాడో తెలుసా? మన బందర్లో! మచిలీపట్నం రేవులో దిగి, పల్లకీలో 300 మైళ్ళు ప్రయాణం చేసి మద్రాసు చేరాడు. ఆ కోస్తా బాట ఒంగోలు, నెల్లూరు సీమల గుండానే పోతుంది. ఆ ఊళ్ళ పేర్లు కూడా గుర్తుంచుకోండి. మద్రాసులో రంగూన్ పోయే ఓడ కోసం జూలై దాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ రంగూన్‌లో యాన్ పరిస్థితి ఇంకా ఘోరం. చిట్టగాంగ్ నుంచి వచ్చిన ఓడవాళ్ళు అటువైపు జడ్సన్ గానీ అతని ఓడ గానీ రానేలేదని చెప్పారు. మనిషి బతికున్నాడో లేదో తెలియదు. ఊళ్ళో కలరా, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం వస్తుందని పుకార్లు. ఓడలన్నీ రేవు వదిలి పోతున్నాయి. తోటి మిషనరీ కుటుంబం బెంగాలు వెళ్ళిపోదామని నిర్ణయించుకుంటే, జూలైలో యాన్ కూడా వాళ్ళతో ఓడెక్కింది. ఓడ నదిలో కొంతదూరం పోయాక, సముద్ర ప్రయాణానికి సరిగా లేదని ఆగింది. అప్పుడు ఆమె దిగి, ఒక్కతే ఊళ్ళోకి తిరిగొచ్చి మళ్ళీ చదువు మొదలుపెట్టింది. కొద్ది రోజులకి, ఆగస్టు మొదట్లో జడ్సన్ వచ్చాడు. ఆమె ఆ ఓడలో వెళ్ళిపోయి ఉంటే అతనికి దొరికేది ఖాళీ ఇల్లు. చరిత్రలో జడ్సన్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ, ఆరేళ్ళ సున్నాలో అన్నిటికన్నా పెద్ద ధైర్యం ఆ మధ్యాహ్నం ఓడ దిగిపోయిన యాన్‌దే అని నాకనిపిస్తుంది.

తిరిగొచ్చాక జడ్సన్ పద్ధతి మార్చాడు. బర్మాలో దారి పక్కన జయాత్ అని ఉంటుంది. మన ఊరి రచ్చబండ, సత్రం కలిపినట్టు అనుకోండి. బాటసారులు ఆగుతారు, నేల మీద కూర్చుంటారు, మాట్లాడుకుంటారు. శ్వేడగాన్ పగోడాకి పోయే దారికి దగ్గర్లో అలాంటిది కట్టి, 1819 ఏప్రిల్‌లో మొదటిసారి బహిరంగ ఆరాధన పెట్టాడు. ఇంటికి వచ్చి వినండి అనడం మానేసి, వాళ్ళు కూర్చునే చోటే కూర్చున్నాడన్న మాట. 1819 జూన్ 27న మౌంగ్ నౌ అనే మామూలు మనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆరేళ్ళలో ఒక్కడు.

తర్వాతి ఏడాది జడ్సన్ ఆవా వెళ్ళి రాజు బజీడో దర్శనం చేసుకున్నాడు. మతం మారిన వాళ్ళని హింసించకుండా అనుమతి ఇమ్మని విన్నపం. చేతికిచ్చిన కరపత్రంలో రాజు రెండు మూడు వాక్యాలు చదివి కింద పడేసాడు. అంతే, ఆశ పోయింది. రంగూన్ వదిలేసి వేరే చోటుకి పోదామనుకున్నాడు. అప్పుడు ఆపింది ఎవరనుకున్నారు? అప్పటికి చేరిన ముగ్గురు బర్మా క్రైస్తవులు! కనీసం పదిమంది అయ్యేదాకా ఉండమని బతిమాలారు. పట్టుబడితే దెబ్బలు తినేది వాళ్ళు, ప్రాణాలు పోయేది వాళ్ళవి. ధైర్యం చెప్పడానికి వచ్చినవాడికి విన్నవాళ్ళే ధైర్యం చెప్పారు. 1822 నాటికి వాళ్ళు 18 మంది.

ఇక్కడితో కథ ఆపేస్తే సుఖాంతమే. కానీ అసలు చీకటి ఇంకా రాలేదు.

1824లో ఇంగ్లీషువాళ్ళకీ బర్మాకీ యుద్ధం మొదలైంది. ఆవాలో ఉన్న జడ్సన్‌ని జూన్ 8న గూఢచారి అని అనుమానించి చెరసాల్లో వేసారు. తెల్లవాళ్ళందరూ ఒకటేనన్న లెక్క. కాళ్ళకి సంకెళ్ళు, రాత్రిపూట వెదురు గడకి కాళ్ళు కట్టి పైకి లాగేవారు. యాన్ రోజూ అధికారుల గుమ్మాల చుట్టూ తిరిగింది. మధ్యలో 1825 జనవరిలో ఆడపిల్ల మరియ పుట్టింది. బర్మా కొత్త నిబంధన రాతప్రతిని ఒక గట్టి దిండులో కుట్టి జైల్లో అతని తల కిందికి చేర్చారు. ఖైదీలని వేరే చోటుకి తరలించినప్పుడు ఆ దిండు విసిరేస్తే, మౌంగ్ ఇంగ్ అనే శిష్యుడు గుర్తుగా దాచుకోబట్టి రాతప్రతి దక్కింది.

1826లో యుద్ధం ముగిసింది, యాండబో సంధి మాటల్లో జడ్సన్ దుబాసీగా కూర్చున్నాడు. ఇక ప్రశాంతంగా ఉందామనుకునేలోపు, అక్టోబరు 24న అతను ఊళ్ళో లేనప్పుడు యాన్ జ్వరంతో పోయింది. ఆరు నెలలకి పాప కూడా. అక్కడ అమెరికాలో తండ్రి చనిపోయాడని కబురు. జైలుకి తట్టుకున్న మనిషి దీనికి తట్టుకోలేకపోయాడు. వచ్చిన డాక్టరేటు గౌరవాన్ని వద్దన్నాడు, పొగిడిన ఉత్తరాలు తగలబెట్టాడు, ఆస్తి మిషన్‌కి రాసిచ్చేసాడు. 1828లో మౌల్‌మైన్ దగ్గర అడవిలో గుడిసె వేసుకుని ఒంటరిగా ఉన్నాడు. తన సమాధి తనే తవ్వుకుని దాని పక్కన కూర్చునేవాడు. యాన్ పోయిన మూడో సంవత్సరీకం నాడు, 1829లో రాసిన ఉత్తరంలో, దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన నాకు దొరకడం లేదన్న అర్థం వచ్చే మాట ఉంది.

1816 నాటి ఉత్తరం పక్కన దీన్ని పెట్టి చూడండి. రెండూ రాసింది ఒకే మనిషి. "విశ్వాసం ఉన్నవాడికి నిరుత్సాహం రాదు" అని చెప్పే ప్రసంగాలు నేను విన్నాను. ఈ రెండు ఉత్తరాలూ చదివాక ఆ మాట నమ్మడం కష్టం. వస్తుంది. ఎంతటివాడికైనా వస్తుంది. ఇప్పుడైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన స్థితి అది, తీసుకెళ్ళాలి కూడా.

మరి ఎలా బయటపడ్డాడు? ఒక్క రాత్రిలో వెలుగు కనిపించి కాదు. చదివినంతలో నాకు రెండు విషయాలు కనిపించాయి.

ఒకటి, చేతిలో పని. ఆ చీకట్లో కూడా అనువాదం, దిద్దుబాటు పూర్తిగా ఆపలేదు. దేవుడు దొరకలేదన్న మనిషే దేవుడి పుస్తకంలో ఏ మాటకి ఏ మాట సరిపోతుందో చూస్తూ కూర్చున్నాడు. 1830లో ప్రోమ్ వెళ్ళి మూడు నెలలు ప్రయత్నిస్తే అక్కడా విఫలమే. మళ్ళీ రంగూన్ వచ్చి మేడ మీద గదిలో పాత నిబంధన అనువాదంలో పడ్డాడు. 1831లో శ్వేడగాన్ ఉత్సవానికి వచ్చిన జనం తామే వచ్చి కాగితాలు అడిగి పట్టుకుపోయారు. దాదాపు పది వేల కరపత్రాలు పంచాడు, అడిగినవాళ్ళకి మాత్రమే ఇచ్చాడు. తర్వాత మిగిలిన భాగానికి రోజుకి 25, 30 వచనాలు అని లెక్క వేసుకుని, 1834 జనవరి 31న బైబిలు అనువాదం పూర్తి చేసాడు. 1835కి మొత్తం అచ్చయింది. బర్మా ప్రొటెస్టెంట్లు నేటికీ ఎక్కువగా చదివేది దాన్నే.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. సాయం అతను చూస్తున్న వైపు నుంచి రాలేదు. అతను కళ్ళు కాయలు కాచేలా చూసింది రంగూన్, ఆవా బర్మన్ల కోసం. వచ్చింది కొండల్లో ఉండే కరెన్ జాతివాళ్ళు. వాళ్ళలో మొదటివాడు కో థా బ్యూ, పాత రోజుల్లో దొంగ, హంతకుడు, అప్పుకి బానిసగా అమ్ముడుపోయినవాడు. ఆ అప్పు తీర్చి జడ్సన్ వాళ్ళు ఇంట్లో పెట్టుకున్నారు. కోపిష్ఠి, చదువు ఆలస్యంగా వంటబట్టింది. 1828 మే 16న టవాయ్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. జడ్సన్ అడవిలోకి వెళ్ళిపోయిన ఏడాదే! 1840లో చనిపోయేదాకా కో థా బ్యూ కరెన్ పల్లెల్లో తిరిగాడు, వేలమంది వచ్చారు. జడ్సన్ సున్నాని చూస్తూ సమాధి పక్కన కూర్చున్నప్పుడే లెక్క మారడం మొదలైంది, కాకపోతే అది అతను రాసుకుంటున్న గడిలో కాదు.

ఇది బర్మాకే పరిమితమైతే కాకతాళీయం అనుకునేవాణ్ణి. కానీ అదే బాప్టిస్టు మిషన్ చరిత్ర మన దగ్గర మళ్ళీ జరిగింది. శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. 1853లో అమెరికాలో ఆల్బనీ సభలో తెలుగు మిషన్ మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మూసేసి అక్కడి మిషనరీలని ఎక్కడికి పంపుదామన్నారో తెలుసా... బర్మాకి! అప్పటికి పటంలో బర్మా నిండా కేంద్రాల గుర్తులు, ఇటు తెలుగుదేశంలో నెల్లూరు దగ్గర ఒంటరి నక్షత్రం. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ దాని మీద ఒక పద్యం రాసి మర్నాడు వినిపించాడట. మిషన్ బతికింది, "ఒంటరి నక్షత్రం" అన్న పేరు నిలిచిపోయింది. నలభై ఏళ్ళ కింద సున్నాగా ఉన్న రంగూన్, ఇప్పుడు మనల్ని పోల్చి తక్కువ చూడటానికి కొలబద్ద అయింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, అతని భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసారు. ఆ వెంటనే ఏమీ జరగలేదు. పన్నెండేళ్ళు జరగలేదు! 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. మిషనరీలందరూ అగ్రకులాలవాళ్ళు వస్తారని ఎదురుచూస్తుంటే, తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం. అంతకు ముందు గురువు దగ్గర యోగసాధన చేసినవాడు. వాళ్ళని చేర్చుకుంటే మేము రామని పైకులాలవాళ్ళు అన్నారు. క్లౌ పేరయ్య వైపు నిలబడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు వాయిదా వేసాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది. అరవై ఏళ్ళ కింద బందరు నుంచి పల్లకీలో నీరసంగా పోయిన జడ్సన్‌కి, ఆ బాట పక్కనే ఇలా జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాడా?

ఇదంతా చదివి కొందరికి అభ్యంతరం ఉండచ్చు, నాకూ ఉంది. తమ ధర్మం తమకున్న జనం మీద ఈ పట్టుదల ఎందుకని అడగచ్చు. యాన్, ఆ పసిపిల్లలు కట్టిన మూల్యానికి లెక్క ఏదని అడగచ్చు. పట్టుదలకీ మొండితనానికీ తేడా ఏమిటని కూడా అడగచ్చు. చివరి ప్రశ్నకి మాత్రం ఈ చరిత్రలో జవాబు ఉందనుకుంటాను. మొండివాడు అదే తలుపు కొడుతూ ఉంటాడు. జడ్సన్ జయాత్ కట్టుకుని దారిలో కూర్చున్నాడు, బానిస అప్పు తీర్చాడు. క్లౌ తను ఊహించని మనిషి వచ్చినప్పుడు పక్కకి పొమ్మనలేదు. వాళ్ళ విశ్వాసం వాళ్ళకి ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేదు, బాధని తీసెయ్యలేదు. తాము వేసుకున్న లెక్క తప్పినా కథ అయిపోలేదని మాత్రం నమ్మించింది. ఇంకో గుమ్మం వైపు చూడగలిగే ఓపిక దాన్నుంచే వచ్చింది.

జడ్సన్ 1850 ఏప్రిల్ 12న ఓడలో చనిపోతే సముద్రంలోనే వదిలారు, సమాధి లేదు. అడవిలో తవ్వుకున్న గొయ్యి దేనికీ పనికిరాలేదన్న మాట! అతని పేరుతో రంగూన్‌లో ఒక కాలేజీ నడిచింది. శ్రీకాకుళంలో తెలుగు నేర్చుకుని పనిచేసిన కెనడా మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తర్వాత బర్మా వెళ్ళి, రేవుల్లో కష్టపడే మన కోరంగీల మధ్య, తమిళుల మధ్య పనిచేసారు. బంగాళాఖాతానికి అటూ ఇటూ ఇలా ముళ్ళు పడుతూనే ఉన్నాయి.

ఈమధ్య ఫోన్ చేసిన స్నేహితుడితో "ధైర్యంగా ఉండు" అనలేదు. "ఇవాళ ఏం చేసావు?" అని అడిగాను. రెండు కంపెనీలకి అప్లికేషన్లు పెట్టానని, ఒక పాత పరిచయస్థుడికి ఉత్తరం రాసానని అన్నాడు. "మొన్న నువ్వు పనికిరాదని పక్కన పెట్టిన ఆ చిన్న ఊరి ఉద్యోగం మాటేమిటి?" అన్నాను. కాసేపు ఆగి, రేపు వాళ్ళకీ రాస్తానన్నాడు.